ఏ పువ్వు, అయ్యగారూ?



చింతపడవద్దని చెబుతూ యేసుప్రభువు అడవిపువ్వులను చూపించిన మాట (మత్తయి 6:28) మీకు తెలిసిందే. దాని మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. పోయినేడు వానలు రాక శెనక్కాయ పంట ఎండిపోయిన ఒక ఇంటికి ప్రార్థనకు వెళ్లి, మళ్లీ అదే భాగం చదివాను. ఆ ఇంటి చిన్నపాప, "ఏ పువ్వు, అయ్యగారూ?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఇంగ్లీషు బైబిల్లో అక్కడ లిల్లీ పువ్వులని ఉంటుంది. మన బైబిల్లో అడవిపువ్వులనే ఉంది. గ్రీకులో ఉన్న మాటకు ఊరికే చూడడమని కాదు, శ్రద్ధగా గమనించి నేర్చుకోవడమని అర్థం. మరుసటి రోజు పొద్దున్నే నోటుబుక్కు, పెన్సిలు, పిల్లల రంగుల పెట్టె తీసుకొని పాలకొండల వైపు నడిచాను.

ఆ ఎండలో పూసి కనిపించింది తంగేడు ఒక్కటే. మా జేజినాయన తోళ్లు పదును చేసేవాడు. తంగేడు చెక్క దంచి, నీళ్లలో వేసి, అందులో తోళ్లు నానబెట్టేవాడు. ఆ వాసన ఆయన చేతులను వదిలేది కాదు. బడిలో పిల్లలు ఎగతాళి చేస్తే సిగ్గుపడి, ఆయన చెయ్యి పట్టుకొని నడవడం మానేశాను. తంగేడు వైపు చూడడమూ మానేశాను.

ఆ రోజు కూర్చొని గీశాను. ముడతలు పడిన ఐదు పసుపు రేకులు. పది కేసరాలు, పైవి పొట్టి, కిందివి పొడవు. ఆకు కాడ మొదట్లో చెవుల్లాంటి చిన్న గుండ్రటి ఆకులు. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన 'ఆరిక్యులేటా' అనే పేరుకు చెవులు కలదని అర్థమట. నలభై ఏళ్లు దాని పక్కనే నడిచినా ఆ చెవులు నా కంటపడలేదు.

సామర్లకోటలో ఉన్న విలియం రాక్స్‌బర్గ్ అనే దొర మన మొక్కలను ఇక్కడి చిత్రకారుల చేత గీయించాడు. 1795 నుంచి 1820 వరకు లండన్‌లో అచ్చయిన ఆయన మూడు సంపుటాల్లో 300 బొమ్మలున్నాయి. గీసినవారి పేర్లు లోకానికి పెద్దగా తెలియవు. తర్వాత రాబర్ట్ వైట్ అనే దొర మాత్రం తన చిత్రకారుడు గోవిందు పేరును ఒక ఆర్కిడ్ జాతికి పెట్టాడు. మా జేజినాయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు. అడవిపువ్వును అలంకరించిన దేవుడు ఆ చేతులను మరిచిపోతాడా? మరిచింది నేనే.

బొమ్మ తీసుకొని ఆ ఇంటికి వెళ్లాను. "ఈ పువ్వేనమ్మా" అన్నాను. పాప దాన్ని గోడకు అంటించింది. వాళ్ల నాయన అప్పు తీరలేదు, వానా రాలేదు. ఈసారి నేను తొందరపడి వాక్యం చదవలేదు. ఆయన పక్కన కూర్చొని, పగుళ్లు పట్టిన ఆ చేతులను చూస్తూ, ఆయన చెప్పిందంతా విన్నాను. తర్వాతే ప్రార్థన చేశాం.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, నీవు చూచే వాటిని చూచే కన్నులు మాకు దయచేయుము. మేము సిగ్గుపడి విడిచిన వారిని క్షమాపణతో మరల తలచుకొనునట్లు సహాయము చేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.