ఆలస్యంగా వచ్చిన దడ

మా హార్ట్ ఫెయిల్యూర్ క్లినిక్‌లో దేన్ని ఎక్కువ నమ్ముతారని అడిగితే నేను బరువు చూసే కాటానే చూపిస్తాను. పొద్దున లేచి, ఒంటేలుకు వెళ్లొచ్చి, ఏమీ తినకముందే బరువు చూసుకుని పుస్తకంలో రాయాలి. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, నీరు. ఆయాసం మొదలు కాకముందే కాటాకు తెలిసిపోతుంది.

గుంటూరు వైపు నుంచి వచ్చే రిటైర్డ్ మాస్టారొకాయన ఆ పుస్తకానికి ఎర్ర సిరాతో గళ్లు గీసుకునేవారు. ఒక వేసవిలో బరువు వరసగా ఎక్కింది. ఉప్పు తగ్గించారా మాస్టారూ అంటే, "కూరలో అసలు వెయ్యనివ్వడం లేదండీ" అన్నారు. వెనక నిలబడ్డ ఆయన భార్య, "కూరలో లేదు, నిజమే. కొత్తావకాయ జాడీ తీసిన దగ్గర్నుంచీ కూర ముట్టుకుంటే కదా!" అన్నారు.

మొదటి ఎకోలో ఆయన ఇజెక్షన్ ఫ్రాక్షన్, అంటే కొట్టుకున్న ప్రతిసారీ గుండె తనలోని రక్తంలో బయటికి తోసే వంతు, 25 శాతం. గుండె మార్చాలంటామేమోనని కొడుకు హడలిపోయాడు. నిజానికి మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఆ అవసరం రాదు. నాలుగు రకాల మందులు కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతాం. వాటిలో ఒకటి షుగర్ కోసం తయారైంది, షుగర్ లేనివాళ్లలోనూ గుండెకు పనిచేస్తుంది. మందుల షాపులో "మీకు షుగరెప్పుడొచ్చిందండీ?" అని అడిగారని మాస్టారు దాన్ని నెల్లాళ్లు మానేశారు. ఎందుకిస్తున్నామో చెప్పకుండా రాసివ్వడం మా తప్పే. ఏడాది తిరిగేసరికి ఎకోలో 42 వచ్చింది.

అందరికీ అలా జరగదు. ముప్పయ్యొకటేళ్ల ఆటో డ్రైవర్ ఒకతను ఏ మందుకూ లొంగలేదు. గుండె మార్పిడి కోసం ప్రభుత్వ అవయవదాన పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించాం. రెండుసార్లు ఫోన్ వెళ్లింది, పరగడుపున పరుగెత్తుకొచ్చాడు. దాత గుండె బాగాలేదని రెండుసార్లూ వెనక్కి పంపాం. మూడోసారి కుదిరింది. అక్కడ గుండె తీసిన నాలుగు గంటల్లోపు ఇక్కడ కొట్టుకోవాలి. 2021లో నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రో రైల్లో గుండెను తీసుకెళ్లింది ఆ తొందరతోనే.

తర్వాత, కొత్త గుండెను ఒళ్లు తిరస్కరించకుండా టాక్రోలిమస్, రెండు పూటలా, గడియారం చూసుకుని. ఆ మందుతో పంపరపనస పడదు. ఈ జాగ్రత్తలన్నీ పాటిస్తూ కొన్నాళ్లకు మళ్లీ ఆటో తీశాడు. ఒకరోజు వచ్చి, "సార్, కుక్క అడ్డమొచ్చింది. బ్రేక్ కొట్టిన. గుండె ఏమనలే. పక్కకు ఆపి చాయ్ తాగుతుంటే అప్పుడు మొదలైంది దడ. ఖరాబైందా?" అన్నాడు.

ఖరాబు కాలేదు. మార్పిడిలో గుండెకొచ్చే నరాలు తెగిపోతాయి, వాటిని మేం కుట్టలేం. ఊరికే కూర్చున్నా ఆ గుండె నిమిషానికి తొంభై, వంద కొట్టుకుంటుంది. భయం సంగతి దానికి నరాలు చెప్పవు, రక్తంలో కలిసిన అడ్రినలిన్ వచ్చి చెప్పాలి. చదువుకునేటప్పుడు నేను రెండు వాక్యాల్లో దాటేసిన విషయం ఇది. అతను చాయ్ గ్లాసుతో సహా చెప్పాడు.

మొన్న వచ్చి, "ఇప్పుడు జర జల్దీ ఉలిక్కిపడుతుంది సార్" అన్నాడు. నాలుగేళ్లయింది. కొందరిలో కొన్ని నరాలు మెల్లగా మళ్లీ అల్లుకుంటాయి. బరువు పుస్తకం అడిగాను. ఇంట్లో మరిచిపోయాడట.