సంగీతం టీచరు కావాలనుకునే మన పిల్లలకు



పల్లె మందిరాల్లో ఈనాడు కీబోర్డు లేని చోటు తక్కువ. రేకుల షెడ్డు మందిరమైనా సరే, ఒక మూల స్టాండు మీద కీబోర్డు, దుమ్ము పడకుండా దాని మీద కప్పిన గుడ్డ కనబడతాయి. దాని వెనుక నిలబడేది సాధారణంగా పదహారు పదిహేడేళ్ల కుర్రవాడో, ఆడపిల్లో. వారికి గురువంటూ ఎవరూ లేరు. చెవితో విని, వేళ్లతో వెదకి, ప్రతి ఆదివారం వాయిస్తూ వాయిస్తూ నేర్చుకున్నారు. అలాంటి పిల్లల తల్లిదండ్రులు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు: "అమ్మగారూ, మావాడు ఇంత బాగా వాయిస్తాడు గదా, బళ్లో మ్యూజిక్ టీచరుగా తీసుకుంటారా? దానికేం చదవాలి?"

కూలి చేసుకొని పిల్లలను ఇంటర్ దాకా చదివించినవారికి ఇది చిన్న ప్రశ్న కాదు. మా సంఘంలో ఒక తల్లి రెండు మేకలను అమ్మి, కొడుకు కోసం పట్టణంలోని ఒక శిక్షణాలయానికి ఫీజు కట్టింది. ఆరు నెలలకు బంగారు రంగు ముద్ర వేసిన సర్టిఫికెట్ ఇచ్చారు, ప్లాస్టిక్ కూడా అతికించి. దాన్ని పట్టుకొని ఆ పిల్లవాడు ఒక స్కూలుకు వెళితే, "ఇది ఏ బోర్డువారు ఇచ్చింది బాబూ?" అని అడిగారు. ఆ కాగితం మీద దానికి జవాబు లేదు.

అందుకే ఈ సంగతులు రాయాలని మాకు తోచింది. ఫీజు కట్టకముందే, ఎక్కడ పని చేయాలనుకుంటున్నామో తేల్చుకోవాలి. ఒక చోట చెల్లే సర్టిఫికెట్ మరొక చోట చెల్లదు. ఇంటి దగ్గర పది మంది పిల్లలకు నేర్పడానికి మన దేశంలో ఏ లైసెన్సూ అక్కరలేదు. ప్రైవేటు స్కూళ్లలో యాజమాన్యం ఇష్టమే ఎక్కువగా నడుస్తుంది గాని, పేరున్న బోర్డు పరీక్ష ప్యాసయితే మాట చెల్లుతుంది. ప్రభుత్వ ఉద్యోగమైతే వేరే సంగతి. కేంద్రీయ విద్యాలయాలవారు 2022 డిసెంబరులో ప్రాథమిక తరగతుల సంగీత ఉపాధ్యాయులకు ఇచ్చిన ప్రకటనలో ఇంటర్ 50 శాతం మార్కులతో ప్యాసై ఉండాలని, దానిపైన సంగీతంలో డిగ్రీ గాని దానికి సమానమైన అర్హత గాని కావాలని, ఇంగ్లీషులోనో హిందీలోనో బోధించగలగాలని అడిగారు. ప్రకటనకు ప్రకటనకు షరతులు మారవచ్చు గనుక, దరఖాస్తు చేసే నాటి ప్రకటనను చదువుకోవాలి. అయితే ఇంటర్‌లో మార్కులు తగ్గితే ఎంత బాగా వాయించినా అక్కడ గడప దాటలేరని మన పిల్లలకు తొమ్మిదో తరగతిలోనే చెప్పాలి.

కీబోర్డు పిల్లలు మొదట చూసేది పాశ్చాత్య సంగీతపు గ్రేడు పరీక్షలవైపు. మన దేశంలో బాగా తెలిసినవి రెండు. ఒకటి ట్రినిటీ కాలేజ్ లండన్, రెండోది అసోసియేటెడ్ బోర్డు. ట్రినిటీ పుట్టింది 1872లో, చర్చి పాటకులకు తర్ఫీదు ఇవ్వడానికే. బోనావియా హంట్ అనే ఆయన దానిని మొదలుపెట్టాడు. అంతకుముందు 1841లో ఇంగ్లండులోని హల్ పట్టణంలో సండేస్కూలు ఉపాధ్యాయులు కూడుకొని, పిల్లలకు పాట నేర్పే సులభమార్గం కనిపెట్టమని జాన్ కర్వెన్ అనే యౌవన పాదిరిని కోరారు. ఆయన సంగీత విద్వాంసుడు కాడు. సారా గ్లోవర్ అనే ఉపాధ్యాయిని పద్ధతిని తీసుకొని, మెరుగుపరచి, టానిక్ సోల్ఫా అనే పేరుతో లోకమంతటా వ్యాపింపజేశాడు. కాబట్టి సంగీత పరీక్షలు మనకు సంబంధం లేని దొరల వ్యవహారమని అనుకోనక్కరలేదు.

రెండు బోర్డులకూ 1 నుండి 8 వరకు గ్రేడులున్నాయి. ట్రినిటీలో 100 మార్కులకు 60 వస్తే ప్యాసు, అసోసియేటెడ్ బోర్డులో 150కి 100. ట్రినిటీలో ఎలక్ట్రానిక్ కీబోర్డుకు ప్రత్యేకంగా పరీక్ష ఉన్నది, మన పిల్లలకు అది అనుకూలం. అసోసియేటెడ్ బోర్డులో 6వ గ్రేడు ప్రాక్టికల్‌కు వెళ్లాలంటే ముందుగా 5వ గ్రేడు థియరీ గాని, దానికి బదులుగా వారు ఒప్పుకొనే మరొక పరీక్ష గాని ప్యాసై ఉండాలి. ఇది తెలియక మధ్యలో ఆగిపోయేవారున్నారు.

ఇక అసలు చిక్కు చెబుతాము. మన పిల్లలకు ట్రాన్స్‌పోజ్ బటన్ ఉన్నది. పాట ఏ శ్రుతిలో ఎత్తుకున్నా, వారు ఆ బటన్ నొక్కి, తమకు అలవాటైన సి మేజరు మెట్ల మీదనే వాయిస్తారు. ఆరాధనలో దానివల్ల నష్టమేమీ లేదు. పాట ఎత్తే పెద్దమ్మ ఈ వారం ఒక శ్రుతిలో, వచ్చే వారం మరొక శ్రుతిలో ఎత్తుకుంటే, ఆ బటనే కాపాడుతుంది! కాని పరీక్షలో ఫలానా శ్రుతి స్కేలు వాయించమంటే, ఆ మెట్ల మీదనే, సరైన వేళ్లతోనే వాయించాలి. చూడని స్వరలిపిని అప్పటికప్పుడు చదివి వాయించే పరీక్ష కూడా ఉంటుంది. పదేళ్లుగా వాయిస్తున్న కుర్రవాడికి అయిదు గీతల మీది చుక్కలు చదవడం మళ్లీ ఓనమాలు దిద్దినట్టే. ఇక్కడే ఎక్కువమంది సిగ్గుపడి మానేస్తారు. తమకంటే చిన్నపిల్లలు చదివే పుస్తకం పట్టుకోవడం వారికి చిన్నతనంగా ఉంటుంది. ఇంట్లోవారు ఈ రోజుల్లో వారిని నవ్వులపాలు చేయకూడదు. మేము మా దగ్గరికి వచ్చే పిల్లలకు చెప్పేది ఒకటే: మందిరంలో బటన్ ఉంచుకోండి, ఇంటిదగ్గర దాని మీద కాగితం అతికించండి.

రెండో దారి కర్ణాటక సంగీతం. ప్రభుత్వ ఉద్యోగం కోరేవారికి ఇది పనికివచ్చే దారి, ఎందుకంటే మన రాష్ట్రాల్లో ప్రభుత్వ సంగీత కళాశాలలున్నాయి. విజయనగరం మహారాజావారి సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి మొదటి ప్రిన్సిపాలు. అక్కడ సర్టిఫికెట్ చదువు 4 ఏళ్లు, డిప్లొమా మరి 2 ఏళ్లు. విజయవాడలో, హైదరాబాదులో కూడా ఇటువంటి కళాశాలలున్నాయి. అయితే డిప్లొమా వేరు, డిగ్రీ వేరు. డిప్లొమాను డిగ్రీకి సమానంగా ఒప్పుకుంటారో లేదో ఉద్యోగమిచ్చేవారి నిబంధనల్లో చూసుకోవాలి.

ఈ దారి మన వాళ్లకు కొత్తదని చాలామంది అనుకుంటారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. కీర్తన పైన చిన్న అక్షరాలతో రాగం పేరు, తాళం పేరు అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌధరిగారివంటివారు పల్లవి, అనుపల్లవి, చరణాలతో ఆ పద్ధతిలోనే కట్టారు. మనం ఆ అక్షరాలను చూడకుండా పాట నంబరు మాత్రమే చూస్తున్నాము. చాపు తాళానికి చేయి వేసి చూపమంటే మా క్వయిర్‌లో ఒక తాతగారు తప్ప ఎవరూ చూపలేకపోయారు. ఆయన బడికి వెళ్లినవాడు కాడు.

ఇక్కడ విశ్వాస కుటుంబాల్లో ఒక సందేహం వస్తుంది, దానిని దాచిపెట్టడం మంచిది కాదు. సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారాలు స్వరాలే గనుక ఇబ్బంది లేదు. గీతాలు, కృతులు వచ్చేసరికి అందులో చాలావరకు హిందూ దేవతల స్తుతులే. పరీక్షలో అవి పాడవలసిందే. కొందరు పెద్దలు వద్దంటారు, కొందరు చదువుగా నేర్చుకోవచ్చంటారు. రాగం ఏ ఒక్కరి సొత్తూ కాదని, సాటివారి సాహిత్యాన్ని గౌరవంగా నేర్చుకోవచ్చని మా అభిప్రాయం. కాని ఎవరి మనస్సాక్షి వారిది. మూడేళ్లు చదివి మానుకోవడంకంటే, చేరకముందే తల్లిదండ్రులు, సంఘ కాపరి కూర్చొని మాట్లాడుకోవడం మేలు.

ఏ దారిలో వెళ్లినా, వాయించడం ఒకటి, నేర్పించడం మరొకటి. 8వ గ్రేడు ప్యాసైనవాడు వాయించగలడని ఆ కాగితం చెబుతుంది గాని, బోధించగలడని చెప్పదు. గ్రేడుల తరువాత వచ్చే డిప్లొమాల్లో వాయించేవి వేరు, బోధనకు సంబంధించినవి వేరు. ఏడేళ్ల పిల్ల ఒకే తప్పు పదిసార్లు చేస్తుంటే, అది వేలి తప్పా, చెవి తప్పా, లెక్క తప్పా అని కనిపెట్టడం బోధకుని పని. చెవితో నేర్చుకున్నవారికి ఇది మరీ కష్టం. తమకు ఎలా వచ్చిందో తమకే తెలియదు గనుక! మా సలహా ఏమిటంటే, పరీక్షకు చదువుతున్నప్పుడే సండేస్కూల్లో నలుగురు చిన్నవాళ్లను తీసుకొని, వారానికి ఒక గంట నేర్పండి. ఏ రోజు ఏమి నేర్పారో, ఎవరు ఎక్కడ ఆగిపోయారో నోటుబుక్కులో రాయండి. ఇంటర్వ్యూలో అనుభవం అడిగితే ఆ నోటుబుక్కు చూపవచ్చు.

దావీదు కాలంలో ఆలయ సేవకు ఏర్పడిన పాటకుల లెక్క దినవృత్తాంతముల మొదటి గ్రంథము 25వ అధ్యాయంలో ఉన్నది. నేర్పరులైనవారు 288 మంది, వంతుకు 12 మంది చొప్పున 24 వంతులు. ఆ వంతులకు చీట్లు వేసినప్పుడు గురువని, శిష్యుడని భేదం చూడలేదు. మా క్వయిర్ పిల్లలకు ఆ అధ్యాయం పాఠంగా చెప్పినప్పుడు, "అంతమందికి నేర్పిందెవరు?" అని ఒక అమ్మాయి అడిగింది. ఆసాపు, యెదూతూను, హేమానుల పేర్లు చెప్పాము. వారు తమ సొంత బిడ్డలకు కూడా నేర్పారని విని, ఆ అమ్మాయి తన తమ్ముడివైపు చూసింది. వాడు బల్ల కింద దాక్కున్నాడు.

చివరిగా ఒక చిన్న విషయం, కాని చాలామందిని తిప్పలు పెట్టేది. మన పిల్లల్లో కొందరికి బాప్తిస్మపు పేరు ఒకటి, బడి రికార్డులో పేరు మరొకటి. సంఘంలో అందరూ పిలిచే పేరుతో పరీక్షకు దరఖాస్తు చేస్తే, రేపు ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఈ ఇద్దరూ ఒకరేనా అని అడుగుతారు. పదో తరగతి మెమోలో ఏ అక్షరాలతో ఉన్నదో, ఇంటిపేరుతో సహా, అదే అక్షరాలతో సంగీత పరీక్ష దరఖాస్తు నింపండి. మెమో జిరాక్సు పక్కన పెట్టుకొని రాయండి. ఫీజు కట్టిన రసీదు పారేయకండి.