మాల్వెర్న్‌లో కారు కోసం తపస్సు

ఇంగ్లండ్‌లోని మాల్వెర్న్ కొండల చెంత, పికర్స్‌లీ రోడ్డులో ఎర్ర ఇటుకల షెడ్లు. మోర్గాన్ స్పోర్ట్స్ కారుకు యజమాని కావాలనుకునేవారి దారి అటే. లోపల వడ్రంగుల పనీ ఉంటుంది. యాష్ కలపతో గూడు కట్టి, పైన అల్యూమినియం రేకు తొడుగుతారు. ఒకప్పుడు అడ్వాన్సు కట్టినవారు ఏళ్ల తరబడి ఎదురుచూసేవారు. 1990లో బీబీసీ కార్యక్రమం కోసం వచ్చిన పారిశ్రామికవేత్త జాన్ హార్వే జోన్స్ ఉత్పత్తి పెంచమంటే మోర్గాన్ కుటుంబం ససేమిరా అంది. మొండితనమే. కానీ కొనేవారు మోజుపడిందీ దానికే. చివరకు 2019లో మెజారిటీ వాటా ఇటాలియన్ పెట్టుబడి సంస్థ ఇన్వెస్టిండస్ట్రియల్ చేతికి వెళ్లింది. 1936 నాటి ఉక్కు ఛాసిస్ పద్ధతికీ మరుసటి ఏడాది తెరపడింది. చెక్క గూడు మాత్రం మిగిలింది. కార్ఖానా చూడవచ్చే సందర్శకుల్లో కొందరు ఆ వరుసలో తమ కారు ఎక్కడుందోనని వెతుక్కుంటుంటారు.