పరిచర్యయు సహవాసమును

తెలుగు బైబిలు చదువువారికి ‘పరిచర్య’ యను మాట చిరపరిచితము. సంఘకాపరి చేయు పనికిని ఆ మాటయే. రోగి పక్క సవరించు స్త్రీ చేయు పనికిని ఆ మాటయే. రోమీయులకు వ్రాసిన పత్రిక చివర పౌలు పేర్కొనిన ఫీబేను మన యనువాదకులు పరిచారకురా లనిరి. వ్యుత్పత్తి చూచినచో చుట్టును తిరుగుట పరిచర్య. రాత్రి రెండు గంటలవేళ వార్డులో మంచము వెంట మంచమునకు తిరుగు నర్సును చూచినవా రెవ్వరును ఈ వ్యుత్పత్తికి వేరు ప్రమాణ మడుగరు. చరకసంహిత సూత్రస్థానమున చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, ఉపస్థాత, రోగి. ఉపస్థాత యనగా దగ్గర నిలుచువాడు. ఉపచారము తెలిసియుండుట, చేతినేర్పు, తాను సేవించువానియందు అనురాగము, శౌచము అను నాలుగు గుణము లతని కుండవలెనట. ఇంత గౌరవముతో చెప్పిన దేశమునందే, పరుల మలమూత్రములు ముట్టు పని యని యీ వృత్తిని కులము గలవారు తమ యాడుబిడ్డలకు తగనిదానినిగా చాలకాల మెంచిరి.

ఆ ఖాళీచోటున ప్రవేశించినవారు మిషనరీ వైద్యురాండ్రు. అన్నా సారా కుగ్లరు 1883లో గుంటూరు వచ్చి 1898లో ఆసుపత్రి తెరచెను. వేలూరులో ఐడా స్కడ్డరు 1909లో నర్సుల పాఠశాల నారంభించెను. అట్టి చోట్ల తొలి తరముల విద్యార్థినులు చాలవరకు క్రైస్తవ బాలికలే. తెలుగునాట క్రైస్తవులలో నధికసంఖ్యాకులు అంటరానివారని త్రోసివేయబడిన కులములవారు. ముట్టరాదన్న చేతులే అందరి వ్రణములను కడిగినవని చెప్పుట అతిశయోక్తి కాదు. ఆనాటి హాస్టలులో ప్రార్థనకూటమనిన హాస్టలంతయు ప్రార్థనకూటమే. నేడట్లు కాదు. నాలుగేండ్ల బి.ఎస్సీ. నర్సింగు ముగించినచో గల్ఫులోనో బ్రిటనులోనో ఉద్యోగము దొరకునను నాశతో అన్ని కులములవారును, అన్ని మతములవారును తమ కూతుండ్రను పంపుచున్నారు. ఇది మంచి మార్పు. కాని దీనితో క్రైస్తవ సహవాసమునకు క్రొత్త ప్రశ్న యొకటి పుట్టినది: పలువురి నడుమ కొందరిగా నున్నప్పుడు తలుపు తెరచియుంచుట యెట్లు?

నేనొక యున్నతపాఠశాలలో తెలుగు బోధించువాడను. నా భార్య మా పట్టణమునందలి యొక నర్సింగు కళాశాలలో అధ్యాపకురాలు. 2013లో నలుగురైదుగురు విద్యార్థినులు వచ్చి, వారమున కొకసారి కూడి ప్రార్థించుకొనుటకు పెద్దదిక్కుగా నుండుమని యామెను కోరిరి. నాటినుండి గురువారము సాయంకాలము మెస్సు ప్రక్కగదిలో సహవాసము జరుగుచున్నది. నా పని స్వల్పము. పాట ఎత్తుకొనునప్పుడు శ్రుతి నిలుపుట, మలయాళ బాలికలకు తెలుగు కీర్తనలలోని కఠినపదములను విప్పిచెప్పుట, అటుకుల సంచి మోయుట. కావున నేనిచట చెప్పునది ప్రక్కన కూర్చుండి చూచినవాని మాట.

ఆమె తొలినాడే యొక కట్టుబాటు చేసికొనెను. తాను స్వయముగా ఏ విద్యార్థినిని రమ్మని పిలువదు. వచ్చినవారి పేర్లు వ్రాయదు. ఇది విని మా సంఘపెద్ద యొకరు నవ్వి, “అందరినీ ఆదరించే కూటమంటారు, పిలవడానికే జంకితే ఎలాగమ్మా?” అనిరి. “నా చేతిలో ఇంటర్నల్ మార్కులున్నాయండీ. నేను రమ్మంటే అది పిలుపవదు, ఆర్డరవుతుంది” అని యామె బదులు చెప్పెను. ప్రభుత్వపు గుర్తింపుగాని ధనసహాయముగాని పొందిన విద్యాలయమునందు, చదువరుల సమ్మతి లేక, మైనరులైనచో సంరక్షకుల సమ్మతి లేక, వారిని మతబోధకుగాని ఆరాధనకుగాని హాజరు కమ్మనరాదని మన రాజ్యాంగము 28వ అధికరణము చెప్పుచున్నది. చట్టము కంటికి కనబడు నిర్బంధమును మాత్రమే యాపగలదు. పదునెనిమిదేండ్ల పల్లెటూరి బాలికను, ప్రాక్టికల్సులో మార్కులు వేయవలసిన అధ్యాపకురాలు చిరునవ్వుతో “నిన్న రాలేదేమమ్మా?” అని యడిగినచో, ఆ బిడ్డ పడు తత్తరపాటు ఏ చట్టమునకు చిక్కును? అందుచేత పిలుచుటయు, నడుపుటయు విద్యార్థినులకే వదలబడినవి. నా భార్య వెనుక బల్లపై కూర్చుండును. రానివారిని గూర్చి మరునాడు తరగతిలో మాట యెత్తదు.

క్రొత్తగా వచ్చినవారి నడుగదగని ప్రశ్నయు నొకటి యున్నది. మనవారిలో క్రైస్తవులు కలిసికొనగనే “ఏ సంఘమమ్మా? ఇంటిపేరేమిటి?” అని యడుగుట పరిపాటి. అడుగువారి ముఖమున వాత్సల్యమే యుండును. కాని తెలుగునాట ఇంటిపేరు చెప్పిన సగము కులము చెప్పినట్లు. ఊరి పేరు గూడ చెప్పినచో తక్కిన సగము. లూథరను, బాప్తిస్టు, దక్షిణ ఇండియా సంఘము, రోమను కతోలిక, పెంతెకోస్తు అని పంచుకొన్నది చాలక, ఆ సంఘములలోపల గూడ మాలపల్లి మాదిగపల్లి గోడలు కూలలేదని క్రైస్తవు లెల్లరు ఎరిగినదే. బయటివారు వినునప్పుడు దానిని దాచుదుము. ఈ గదిలో మాత్రము పేరు, చదువు సంవత్సరము, ఏ వార్డులో డ్యూటీ, ఈ మూడే యడుగుదురు. ఈ నియమము పెట్టినది మూడవ సంవత్సరపు విద్యార్థిని యొకతె. ఎందుకు పెట్టినదో ఆమె చెప్పలేదు, మేమడుగలేదు.

శ్రీకాకుళమువైపు హిందూబాలిక యొకతె తన గదిలోని స్నేహితురాలి వెంట వచ్చుచుండెను. పురుషోత్తమ చౌదరి కీర్తనలనిన ఆమెకు మక్కువ. రాగము త్వరగా పట్టుకొనును. ఒకనాడు ప్రసంగమునకు పొరుగూరినుండి వచ్చినవారొకరు, ఆమె నొసటివైపు చూచుచు, దేవుని సన్నిధికి వచ్చువారు బొట్టు తుడిచికొని రావలెననిరి. ఆమె చున్నీకొసతో బొట్టు తుడిచికొని, కడవరకు తలవంచుకొని కూర్చుండెను. తరువాత రాలేదు. స్నేహితురాలును మానివేసెను. నా భార్య వారిని బ్రతిమాలుటకు పోలేదు. పోయినచో నదియు నొక యొత్తిడియే. నడుపువారిని పిలిచి, ఇకమీదట ప్రసంగమునకు వచ్చువారితో ముందుగనే, ఇచ్చట ఎవరి నొసలును, మెడయు, ముంజేతులును ప్రస్తావింపరాదని చెప్పుడనెను. వచ్చినవారిని మరల పిలువలేదు.

సువార్తకు సిగ్గుపడుచున్నారని కొందరు మమ్ము నిందించిరి. ఆ నింద తేలికగా త్రోసివేయదగినది కాదు. నిజమే, ఏమియు నమ్మనివానికి అందరిని ఆదరించుట సులభము. అయితే ఆ గదిలో ప్రార్థన క్రీస్తు పేరనే జరుగును, చదువునది బైబిలే, ఎవరును వేషము వేయరు. నమ్మకమును దాచకుండుట వేరు, అతిథి నొసటిపై దానిని సుంకముగా వేయుట వేరు. బాప్తిస్మమును గూర్చి యడిగినవారు ఒకరిద్దరు లేకపోలేదు. చదువు ముగియనిమ్మనియు, తల్లిదండ్రులతో మాటాడుమనియు, పిమ్మట నీ మనసు చెప్పిన సంఘమునకు పొమ్మనియు నా భార్య చెప్పినది. ఆ శ్రీకాకుళపు బాలిక రెండవ సంవత్సరమున, తండ్రికి జబ్బుచేసినదని యుత్తరవు లేకయే ఒక సాయంకాలము వచ్చి కూర్చుండెను. నొసట బొట్టున్నది. “మా నాన్న కోసం ప్రార్థన చేస్తారా అక్కా?” అని యడిగెను. చేసిరి. చదువు ముగియువరకు వచ్చుచునే యుండెను, హిందువుగనే వెడలిపోయెను.

మొదటి సంవత్సరపు బాలికలు పుస్తకములో చదువనిది వార్డులో చూచునది మరణము. శవమునకు స్నానము చేయించి, కన్నులు మూసి, దవడ కట్టి, చీటీ కట్టి పంపుట వారి పాఠములో నొక భాగము. ఒకతె తొలిసారి యట్లు చేసి వచ్చి, ఆ ముసలివాడు ముస్లిమనియు, అతడు కొనయూపిరితో నున్నప్పుడు తాను పైకి ప్రార్థన చేయవచ్చునా యనియు నడిగెను. గదిలో వాదము రేగెను. ఆత్మను గూర్చి చింతింపవలదా యని కొందరు. మంచమునుండి లేచిపోలేనివాని చెవిలో మన మతము చెప్పుట న్యాయమా యని కొందరు. తుదకు నాలుగవ సంవత్సరపు విద్యార్థిని యొకతె, “అడిగితే చెయ్యి. అడగకపోతే మనసులో చేసుకో. వాళ్లవాళ్లు బయట ఉంటే లోపలికి పిలు, వాళ్ల ప్రార్థన వాళ్లు చేసుకుంటారు” అనెను. మా వేదాంతవిద్యాలయములలో దీనికంటె స్పష్టమైన సమాధానమును నేను వినలేదు.

ప్రపంచారోగ్యసంస్థ 2020వ సంవత్సరమును నర్సుల, మంత్రసానుల సంవత్సరముగా ప్రకటించెను. ఫ్లారెన్సు నైటింగేలు పుట్టి అప్పటికి 200 ఏండ్లు. ఆ యేడే కోవిడు వచ్చి హాస్టళ్లు మూతపడినవి. 2021 వేసవిలో మా పూర్వవిద్యార్థినులు డ్యూటీ దిగి ఫోను చేయువారు. ఒకతె మాటాడకయే, “ఏదైనా పాట పాడండి మాస్టారూ” అని విని, పెట్టివేసెను. వారిలో నెవరు విశ్వాసులైరి, ఎందరు చేరిరి యని లెక్కయడుగువారు నేటికిని కలరు. లెక్క మా యొద్ద లేదు.

లెక్కకంటె కష్టమైనది వేళ. మధ్యాహ్నపు డ్యూటీవారు రాత్రి ఎనిమిదింటికిగాని రారు. నైట్ డ్యూటీవారు ఏడున్నరకే వ్యానెక్కవలెను. అందుచే కూటము నలువది నిమిషములు దాటదు. గురువారము రాలేనివారికై ఆదివారము మధ్యాహ్నము మరల నొకటి జరుగును. ప్రసంగము పది నిమిషములు, వచ్చినది బిషప్పుగారైనను సరే. ఉదయపు డ్యూటీ చేసి, రికార్డులు వ్రాసి వచ్చినవారు మూడవ చరణమునకే గోడకు చేరగిలబడి నిద్రపోవుదురు. వారినెవరును లేపరు. వారి పాలి అటుకులు, వేరుసెనగపప్పు కాగితమున పొట్లము కట్టి ప్రక్కన పెట్టి, దీపమొకటి ఆర్పి, తక్కినవారు మెల్లగా పాడుకొందురు.