నొప్పి తగ్గాక మొదలయ్యే ప్రమాదం

"తగ్గిపోయింది గదా సార్, ఇంటికి పోతాం."

సత్యవేడులో ప్రాక్టీసు చేసే ఒక డాక్టరు ఎక్కువగా వినేది ఈ మాటే. ఎక్కువగా భయపడేదీ దీనికే. తమిళనాడు సరిహద్దున ఉన్న ఊరు అది. యాంజియోప్లాస్టీ కావాలంటే తిరుపతికో చెన్నైకో పోవాలి.

యాభై దాటిన ఒక రైతుకు తెల్లవారుజామున మడికి నీళ్ళు కడుతుంటే ఛాతీ పట్టేసింది. గ్యాసనుకుని సోడా తాగాడు, వాము నమిలాడు. ఆసుపత్రికి చేరేసరికి చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయి ఉంది. ఈసీజీలో గుండె ముందు గోడకు రక్తం అందడం లేదని తేలింది. ఆస్పిరిన్ ఇచ్చి, గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేశారు. గంట తిరక్కముందే నొప్పి తగ్గింది, రైతు లేచి కూర్చుని కాఫీ అడిగాడు. సరిగ్గా అప్పుడే మానిటర్ మీద సన్నటి గీతలు పోయి వెడల్పాటి అలలు వరుసగా కనిపించాయి. రక్తం తిరిగి పారుతోందనడానికి అదొక గుర్తు. కణాల్లో అలజడి రేగుతోందనడానికీ అదే గుర్తు.

ఆ అలజడి మైటోకాండ్రియాలో పుడుతుంది. కణానికి కావలసిన ఏటీపీలో ఎక్కువ భాగం తయారయ్యేది అక్కడే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో 1929లో వెలికితీసిన పదార్థం ఈ ఏటీపీయే. దాని తయారీకి మైటోకాండ్రియా లోపలి పొర గట్టిగా మూసి ఉండాలి. ఆ పొరకు అటూ ఇటూ ఉండే విద్యుత్ తేడా చెరువు కట్ట వెనక నిలిచిన నీళ్ళలాంటిది. గండి పడితే తూము కింద యంత్రం తిరగదు.

రక్తనాళం మూసుకున్నప్పుడు కణంలో ఆమ్లం పెరుగుతుంది, కాల్షియం పోగవుతుంది. చిత్రమేమంటే, లోపలి పొరలో తెరుచుకోగల ఒక రంధ్రం ఉంది, దాన్ని ఆ ఆమ్లమే మూసి ఉంచుతుంది. రక్తం తిరిగి రాగానే ఆమ్లం కొట్టుకుపోతుంది, ఆక్సిజన్‌తో పాటు ఫ్రీ రాడికల్స్ పుట్టుకొస్తాయి. మొదటి కొన్ని నిమిషాల్లోనే రంధ్రం తెరుచుకుంటుంది. మైటోకాండ్రియా నీరు పట్టి ఉబ్బుతుంది, బయటి పొర చిట్లుతుంది. ఏటీపీ అడుగంటి కణం చచ్చిపోతుంది. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో మొత్తం నష్టంలో సగం దాకా ఈ దశలోనే జరిగినట్టు తేలింది.

ఆ రంధ్రాన్ని మూసే మందు లేకపోలేదు. కిడ్నీ మార్పిడి రోగులకిచ్చే సైక్లోస్పోరిన్ ప్రయోగశాలలో దాన్ని అడ్డుకుంది. 2008లో ఒక చిన్న అధ్యయనం ఆశ రేపింది. 2015లో తొమ్మిది వందలకు పైగా గుండెపోటు రోగులతో చేసిన పెద్ద ట్రయల్‌లో మాత్రం ప్రయోజనం కనబడలేదు. అందుకే ఇప్పటికీ చేతిలో ఉన్న గట్టి ఉపాయం ఒక్కటే: కాల్షియం పేరుకోకముందే నాళం తెరవడం. రక్తం తిరిగి రావడంలో ప్రమాదం ఉందని ఆలస్యం చేస్తే పోయేది అంతకంటే ఎక్కువ.

కాలేయం విషయంలోనూ ఆ సత్యవేడు డాక్టరుకు ఇదే ఎదురైంది. శ్రీసిటీలో షిఫ్టు డ్యూటీ చేసే కుర్రాడొకడు జ్వరానికి మూడు రకాల బిళ్ళలు కలిపి వేసుకున్నాడు. మూడింటిలోనూ ఉన్నది పారాసెటమాలే. జ్వరం దిగింది, వాంతులు ఆగాయి, పనికి పోతానన్నాడు. రక్తపరీక్షలో కాలేయ ఎంజైములు వేలల్లో ఉన్నాయి. మోతాదు మించితే ఆ మందు నుంచి పుట్టే విషపదార్థం మైటోకాండ్రియా ప్రోటీన్లకు అంటుకుంటుంది, పొరకు అదే గతి పడుతుంది. దానికి విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్. మందు ఒకేసారి ఎక్కువ మింగినవాళ్ళకు ఎనిమిది గంటల్లోపు పడితే కాలేయం దాదాపు పూర్తిగా దక్కుతుంది. ఈ కుర్రాడికి కొంత ఆలస్యమైనా, డ్రిప్‌లో ఎక్కించాక కోలుకున్నాడు.

రైతును అదే పూట 108లో తిరుపతికి పంపారు. రిఫరల్ చీటీ పైభాగాన డాక్టరు మొదట రాసేది నొప్పి మొదలైన వేళ. గడియారం చూడనివాళ్ళను "మోటారుకు కరెంటు రాకముందా, వచ్చినాకనా?" అని అడుగుతారు. అక్కడి కార్డియాలజిస్టు ముందుగా చూసేది ఆ వేళనూ, ఇంజెక్షన్ పడిన వేళనూ.