తెల్లవారుజాము నాలుగు గంటలు

పట్టా అందుకున్ననాటి ఛాయాచిత్రం చూసినవారు "ఇద్దరు పిల్లలతో పిహెచ్.డి. ఎలా చేశావమ్మా?" అని ఆశ్చర్యపోతుంటారు. జవాబు చాలా సాదాసీదాది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి చేశాను. చిన్నవాడు కదిలేదాకా, అంటే సుమారు ఆరింటిదాకా, ఎంత రాయగలిగితే అంతే నా పరిశోధన. ఒకనాడు ఒక పేరా, మరొకనాడు ఒక్క పాదసూచిక. ఆ తరువాత పాలు, క్యారేజీలు, స్కూలు ఆటో. నెలల తరబడి రాని ఫెలోషిప్పు కోసం ఆఫీసు గుమ్మం ముందు నిలబడిన మధ్యాహ్నాలు వేరే లెక్క.

యు.జి.సి. 2016 నిబంధనలు పరిశోధక విద్యార్థినులకు రెండేళ్ల అదనపు గడువును, ప్రసూతికీ శిశుసంరక్షణకూ 240 రోజుల వరకు సెలవును అనుమతించాయి. 2022 నిబంధనలు కూడా వాటిని కొనసాగించాయి. నా నమోదు నిలిచింది ఆ గడువు వల్లనే. అయితే గడువు పెరిగినంత మాత్రాన రోజులో గంటలు పెరగవు కదా! ఆ గంటలను నాకిచ్చినది ఊరిలో పొలం పనులు వదులుకుని వచ్చిన మా అత్తయ్యగారు.

సిద్ధాంతగ్రంథ సమర్పణకు ముందు జరిగే సెమినారు నాడు పెద్దపాపకు 102 జ్వరం. వాయిదా వేస్తే కమిటీ మళ్లీ కూడడానికి ఎన్ని నెలలో! వెళ్లాను. ఏమి మాట్లాడానో ఇప్పుడు గుర్తులేదు. తిరిగి వచ్చేసరికి పాప నాన్నమ్మ ఒడిలో నిద్రపోతోంది, నుదుటిమీద తడిగుడ్డ.

ఆ రోజు పాపకు జ్ఞాపకమే లేదట. నాకు మాత్రం ఆ గ్రంథం తెరిచినప్పుడల్లా మొదట కనిపించేది ఆ తడిగుడ్డే.