దిగిపోయినంక పీఎంఈ ఎవరు చేస్తారు?

గనిలో ఉన్నన్నాళ్లు కార్మికుడి ఒంటిని చూసే బాధ్యత చట్టం తీసుకుంటుంది. 1955 నాటి మైన్స్ రూల్స్ ప్రకారం ఉద్యోగంలో చేరేటప్పుడు ఒకసారి, తర్వాత అయిదేళ్లకు మించకుండా మళ్లీ మళ్లీ వైద్య పరీక్ష జరగాలి. సింగరేణి బొగ్గు గనుల్లో దాన్ని అందరూ పీఎంఈ అంటారు. ఛాతీ ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష, చెవులు, కళ్లు, రక్తం, మూత్రం అన్నీ చూస్తారు. పిలుపు వస్తే పోక తప్పదు. 61 ఏళ్లు నిండి, దండ వేసి, శాలువా కప్పి ఇంటికి పంపాక ఆ పిలుపు ఆగిపోతుంది. బీపీ, షుగర్, క్యాన్సర్ మనిషిని ఎక్కువగా పట్టుకునే వయసు అదే.

కాళ్లు ఉబ్బాయని ఒక రిటైర్డ్ హాలర్ ఆపరేటర్ నా దగ్గరికి వచ్చాడు. "చెప్పు ఎక్కుతలేదు సార్, గంతే" అన్నాడు. పాదం మీద వేలితో నొక్కితే గుంట పడి చాలాసేపు అలాగే ఉండిపోయింది. బీపీ 190/110. 1.2 లోపు ఉండాల్సిన క్రియాటినిన్ 6 దాటింది. స్కానింగ్‌లో రెండు కిడ్నీలూ కుంచించుకుపోయి కనిపించాయి. కిడ్నీలు ఆ సైజుకు రావాలంటే ఏళ్లు పడుతుంది.

బీపీ ఎప్పుడైనా చూపించుకున్నావా అని అడిగాను. "బాయిల ఉన్నప్పుడు పీఎంఈల చూసి ఎక్కువుందన్నరు. గోలీలు వేసుకున్న. ఫిట్ రాసినంక బంద్ జేసిన" అన్నాడు. కాసేపాగి, "నాకు తలనొప్పి గూడ రాలే గద సార్" అన్నాడు. ఈ మాట నేను తరచూ వింటాను. బీపీకి నొప్పి ఉండదు, చాలామందిలో తలనొప్పి కూడా రాదు. ఆ గోలీలు ఆపకుండా వేసుకుని, ఏడాదికి ఒకసారి మూత్రంలో ప్రోటీన్ చూపించుకుని ఉంటే ఆయన కిడ్నీలు చాలా ఏళ్లు నిలబడేవి. ఇప్పుడు వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు పోతున్నాడు.

ఇందులో ఆయనను తప్పుపట్టబుద్ధి కాదు. ఈ బొగ్గు బెల్టులో వైద్య పరీక్ష ఎప్పుడూ కొలువుతో ముడిపడే ఉంది. జీతం తగ్గకూడదనుకునేవాడు అందులో పాస్ కావాలని చూస్తాడు. ఒళ్లు సహకరించనివాడు మెడికల్ అన్‌ఫిట్ అయితే కొడుక్కి నౌకరీ వస్తుందని మెడికల్ బోర్డు కోసం ఎదురుచూస్తాడు. నా ఒంట్లో ఏం జరుగుతోందో నాకు తెలియాలి అనే కారణంతో పరీక్షకు పోవడం ఎవరికీ అలవాటు కాలేదు. కొలువు పోగానే పరీక్ష అవసరం కూడా పోయిందనుకుంటారు.

నోటి సంగతి ఇంకా విడ్డూరం. బాయిలోకి, అంటే గనిలోకి, బీడీ, అగ్గిపెట్టె తీసుకుపోనివ్వరు. మీథేన్ ఉన్నచోట ఒక్క నిప్పురవ్వ చాలు గనక దిగే ముందు జేబులు వెతుకుతారు. దాంతో లోపల ఎనిమిది గంటలు గడవడానికి తంబాకులో సున్నం కలిపి, అరచేతిలో నలిపి, బుగ్గన పెట్టుకోవడం చాలామందికి అలవాటైంది. బాయి వదిలాక కూడా ఆ అలవాటు వదల్లేదు.

ఒకసారి భార్య షుగర్ చూపించడానికి ఒక పాత కోల్ ఫిల్లర్ వచ్చాడు. ఆమె చీటీ రాశాక నోరు తెరవమని ఆయనను అడిగాను. "నాకేం రోగం లేదు సార్, ఆమెను చూడున్రి" అని నవ్వాడు. ఆమె మాత్రం "తెరువు, సార్ అడుగుతుండు గద" అని గదమాయించింది. టార్చి వేసి బుగ్గ పక్కకు లాగితే, ఎడమవైపు కింది చిగురుకూ బుగ్గకూ మధ్య బొటనవేలి గోరంత తెల్ల మచ్చ కనిపించింది. గ్లవుజు వేలికి గరుకుగా తగిలింది. మధ్యలో ఎర్రటి చుక్క ఉంది. కారం తింటే మండుతుందా అంటే, "మిర్చి తింటె జెర మండుతది" అన్నాడు. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. మొదటి దశలో ఉంది, మెడ గడ్డలకు పాకలేదు. హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. ఇప్పుడు అన్నం మామూలుగానే తింటున్నాడు. అంతేకాదు, పాత షిఫ్టు దోస్తులను వెంటబెట్టుకొచ్చి నోరు తెరవమంటున్నాడు.

ఆ పరీక్షకు ఒక టార్చి, ఒక జత గ్లవుజులు ఉంటే చాలు. తిరువనంతపురం జిల్లాలో శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ పోయి కంటితోనే నోళ్లు చూశారు. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తగ్గినట్టు 2005లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు వచ్చాయి.

ఊపిరితిత్తుల విషయంలో ఒకటే చెబుతాను. బాయి వదిలినా పీల్చిన దుమ్ము లోపలే ఉంటుంది. బొగ్గు దుమ్ము వల్ల వచ్చే న్యుమోకోనియోసిస్ పని మానేశాక కూడా ముదరవచ్చు. రాయి తొలిచినవాళ్లకు సిలికా వల్ల టీబీ ముప్పు కూడా ఎక్కువ. దమ్ము వస్తోందని 66 ఏళ్ల మనిషి వస్తే, కొత్త ఎక్స్‌రే పక్కన పెట్టి చూడటానికి పాత ఎక్స్‌రే కావాలి. అది చేతిలో పట్టుకొచ్చేవాళ్లు చాలా అరుదు.

పట్టణాల్లో అమ్మే పెద్ద పెద్ద హెల్త్ ప్యాకేజీల మీద నాకు నమ్మకం తక్కువ. డెబ్బై రకాల పరీక్షలు చేసి, అందులో ఏదో ఒకటి కాస్త అటూ ఇటూ ఉందని మనిషిని భయపెట్టడం సులువు. అరవై దాటిన మా కార్మికుడికి నేను అడిగేవి కొన్నే. బీపీ, షుగర్, క్రియాటినిన్, మూత్రం, నోరు, కంటి లోపలి పొర చూడాలి. దుమ్ములో పనిచేసిన వాడైతే ఎక్స్‌రే, ఊపిరి పరీక్ష చేయాలి. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ పరీక్ష అందరికీ కళ్లు మూసుకుని రాయను. అందులో బయటపడే క్యాన్సర్లలో కొన్ని చాలా నెమ్మదిగా పెరుగుతాయి, వాటికి వైద్యం వల్ల మేలు కంటే బాధే ఎక్కువ కావచ్చు. కూర్చోబెట్టి మాట్లాడాకే నిర్ణయించాలి. అయితే రాత్రి మూత్రానికి నాలుగుసార్లు లేస్తున్నానని చెప్పడానికే మగవాళ్లు సిగ్గుపడతారు. ఆ మాట నాకు ఎక్కువగా వాళ్ల భార్యల నోటే తెలుస్తుంది.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా మంది పనిచేసేవారు. ఇప్పుడు అందులో సగం కూడా లేరు. అప్పటివాళ్లంతా ఈ కాలనీల్లో, చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లయ్యారు. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే రిటైరైనవాళ్ల వైద్య పథకమైన సీపీఆర్‌ఎంఎస్ కార్డు ఆదుకుంటుంది. నేను అడిగేది అంతదూరం రాకముందు చూడాల్సిన చూపు గురించి. గుర్తింపు సంఘం ఎన్నికల్లో రిటైరైనవాళ్లకు ఓటు లేదు, అయినా యూనియన్ నాయకులు ఈ మాట ఎత్తుకోవాలి. సన్మానం రోజున శాలువాతో పాటు చివరి పీఎంఈ కాగితాలు, ఎక్స్‌రే నకలు చేతికి ఇప్పించాలి.

ఇంకో దారి కూడా ఉంది. బొగ్గు గని పింఛన్‌దారులు ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, అందుకోసం చాలామంది బయటికి వస్తారు. ఆ వరుస పక్కనే ఒక బల్ల, బీపీ మిషను, షుగర్ చూసే పరికరం, టార్చి పెడితే ఒక్కొక్కరికి పది నిమిషాలు చాలు. చోటు చూపిస్తే నేను వచ్చి కూర్చుంటాను.